ఖుత్బా మధ్యలో అడిగిన ప్రశ్న

 



2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక యువ పశువైద్యురాలి మీద ఘోరం జరిగింది. మరునాడు షాద్‌నగర్ సమీపంలో చటాన్‌పల్లి వంతెన కింద కాలిపోయిన ఆమె దేహం దొరికింది. లోకం ఆమెను 'దిశ' అని పిలుచుకుంది. ఆడపిల్లలున్న ప్రతి ఇల్లూ ఆ రోజుల్లో వణికిపోయింది. 29న పోలీసులు నలుగురు యువకుల్ని అరెస్టు చేశారు. 30న షాద్‌నగర్ ఠాణా ముందు పెద్ద గుంపు చేరి, వాళ్ళను తమకు అప్పగించమని పట్టుబట్టింది. డిసెంబరు 6 తెల్లవారుజామున పోలీసులు ఆ నలుగురినీ చటాన్‌పల్లికి తీసుకెళ్ళారు. వాళ్ళు తుపాకులు లాక్కుని తిరగబడితే కాల్చవలసి వచ్చిందని తర్వాత ప్రకటించారు.

అది జుమా రోజు. ఎక్కడ చూసినా అదే మాట. పోలీసుల మీద పూలు చల్లారు, టపాకాయలు కాల్చారు, మిఠాయిలు పంచారు. మన పేటల్లోనూ పంచారు. నమాజు అయ్యాక వజూఖానా దగ్గర ఒక కుర్రవాడు నన్ను ఆపి, "మౌలానా సాబ్, ఖిసాస్ అంటే ఇదే కదా?" అని అడిగాడు. నేను "అల్లాహు ఆలమ్" అని ముందుకు నడిచాను. ఆలిమ్ తనకు తెలియని విషయంలో చెప్పవలసిన మాట అది. నేను తెలిసిన విషయంలో చెప్పాను. చుట్టూ ఉన్న జనం ముఖాల్లో సంతోషం చూసి, ఆ సంతోషానికి అడ్డుపడే ధైర్యం లేక చెప్పాను. ఆ కుర్రవాడికి ఆ రోజు నేను బాకీపడిన జవాబే ఈ వ్యాసం.

ముందుగా ఒక హదీసు చూద్దాం. సుననె అబూ దావూద్‌లో, తీర్పుల అధ్యాయంలో, బహ్జ్ బిన్ హకీమ్ తన తండ్రి ద్వారా, తాత గారి ద్వారా ఉల్లేఖించిన సంఘటన ఇది. దైవప్రవక్త (స) ఖుత్బా ఇస్తున్నారు. ఆ తాత గారి సోదరుడో, చిన్నాన్నో లేచి నిలబడి, తన పొరుగువాళ్ళను ఏ కారణంగా పట్టుకున్నారని అడిగాడు. ఖుత్బా నడుస్తుండగా మాట్లాడటం ఎంత పెద్ద విషయమో మీకు తెలుసు. పక్కవాడిని 'ఊరుకో' అనడం కూడా తగదని మనం పిల్లలకు నేర్పుతాం. అలాంటి వేళ, అంతటి మహనీయుని ముందు ఆ ప్రశ్న వచ్చింది. ఆయన (స) రెండుసార్లు ముఖం తిప్పుకున్నారు. ఆ వ్యక్తి ఊరుకోలేదు, మళ్ళీ ఏదో అన్నాడు. అప్పుడు ఆయన (స) అతని పొరుగువాళ్ళను వదిలిపెట్టమని ఆదేశించారు.

ముస్నద్ అహ్మద్ ఉల్లేఖనంలో ఆ వ్యక్తి మాటతీరు ఇంకా కరుకుగా ఉంది. మీరు చెడును వారిస్తూనే చాటుగా మీరే అది చేస్తున్నారని జనం అనుకుంటున్నారు అనేంతవరకు వెళ్ళాడు. ఆ మాట ప్రవక్త (స) చెవిన పడితే తన తెగకు శాపం తగులుతుందేమోనని ఉల్లేఖకుడు భయపడి, వినిపించకుండా మధ్యలో అడ్డు మాటలు వేశాడట. అయినా ఆయన (స) అతను ఏమంటున్నాడో అర్థమయ్యేదాకా అడిగి తెలుసుకున్నారు. అటువంటి పని తాను చేసి ఉంటే దాని భారం తన మీదే గాని వాళ్ళ మీద కాదన్నారు. ఆ తర్వాత విడుదల చేయించారు.

ప్రవక్త (స) మొదట ఎందుకు మౌనం వహించారు? కొందరు విద్వాంసులు ఇలా వివరించారు: పట్టుకున్న బాధ్యుడు ఆ సభలోనే ఉన్నాడు. కారణం ఉంటే లేచి చెప్పడానికి అతనికి వ్యవధి ఇచ్చారు. రెండుసార్లూ ఎవరూ లేవలేదు. చెప్పగల కారణం లేనప్పుడు ఇక పట్టి ఉంచే హక్కూ లేదు. నాకు ఈ వివరణ నచ్చుతుంది. మరో కారణం ఉన్నా సరే, ఫలితం మన కళ్ళ ముందే ఉంది. అడిగినవాడిని ఎవరూ శిక్షించలేదు. 'నేరస్థుల తరఫున మాట్లాడతావా' అని ఎవరూ గద్దించలేదు. పైగా అతను అడిగింది తన అన్నదమ్ముల గురించి కాదు, పొరుగువాళ్ళ గురించి.

అయితే అనుమానితుణ్ణి అసలు నిర్బంధించకూడదని షరీయత్ చెబుతుందా? చెప్పదు. అదే బహ్జ్ బిన్ హకీమ్ ద్వారా వచ్చిన మరో హదీసులో దైవప్రవక్త (స) ఒక ఆరోపణ మీద ఒక వ్యక్తిని నిర్బంధంలో ఉంచారని ఉంది. తర్వాత అతణ్ణి వదిలేశారని తిర్మిజీ ఉల్లేఖనంలో ఉంది. కనుక హత్య జరిగినప్పుడు పోలీసులు అనుమానితుణ్ణి పట్టుకోవడం జుల్మ్ కాదు. అది వాళ్ళ విధి. పట్టుకోకపోతేనే జుల్మ్. ఫుఖహాలు చర్చించినది ఎవరిని, ఏ ఆధారంతో, ఎంతకాలం అన్న సంగతి. మన హనఫీ ఫిఖహ్ గ్రంథం హిదాయాలో హుదూద్, ఖిసాస్ ఆరోపణల విషయంలో ఒక షరతు ఉంది. శీలం సంగతి ఇంకా విచారించని ఇద్దరు సాక్షులైనా, న్యాయవర్తనుడని ఖాజీకి తెలిసిన ఒక్క సాక్షి అయినా సాక్ష్యం పలికేదాకా నిర్బంధించరాదు. ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ), ఆయన శిష్యులు ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) ఆరోపణకు గురైనవాళ్ళను మూడు రకాలుగా చూశారు. మంచివాడని పేరున్నవాడు, దుర్మార్గానికి పేరుమోసినవాడు, ఏమీ తెలియనివాడు. ఏమీ తెలియనివాణ్ణి సంగతి తేలేదాకా ఉంచవచ్చన్నారు. ఎంతకాలమన్న దానిపై మావర్దీ (రహ్మ) రెండు అభిప్రాయాలు రాశారు. ఒకరు నెల రోజులకు మించరాదన్నారు, మరికొందరు పాలకుడి విచక్షణకు వదిలారు. అందరూ ఒప్పుకున్న సంగతి ఒకటుంది: ఈ నిర్బంధం విషయం తేల్చడానికే గాని శిక్ష కాదు. ముఅత్తా ఇమామ్ మాలిక్‌లో హజ్రత్ ఉమర్ (రజి) ప్రమాణం చేసి మరీ చెప్పిన మాట ఉంది. ఇస్లాంలో న్యాయవర్తనులైన సాక్షులు లేకుండా ఏ మనిషినీ బంధించడం ఉండదన్నారాయన.

మన దేశ చట్టం సంగతి చూస్తే అక్కడా ఇవే ప్రశ్నలు కనబడతాయి. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టుకు కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. కారణం తెలియజేయకుండా చేసిన అరెస్టు చెల్లదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరోసారి గట్టిగా చెప్పింది. పొరుగువాళ్ళను ఎందుకు పట్టుకున్నారని మస్జిదులో నిలబడి అడిగిన ఆ మనిషి ప్రశ్న ఇదే కదా!

ఇప్పుడు షాద్‌నగర్‌కు వద్దాం. గుంపు వల్ల నిందితుల్ని కోర్టుకు తీసుకెళ్ళడం కుదరలేదు, మేజిస్ట్రేట్ అందుబాటులో లేరు. అందుకని తహశీల్దారును ఠాణాకే రప్పించి 14 రోజుల రిమాండు తీసుకున్నారు. అక్కడి నుంచి చర్లపల్లి జైలుకు తరలించారు. న్యాయాధికారి దొరకనప్పుడు, ఆ అధికారం ఇవ్వబడిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టడానికి అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అనుమతించిన మాట నిజం. కానీ ఆయన ఇవ్వగల గడువు మొత్తం కలిపి 7 రోజులు మించరాదని కూడా అందులోనే ఉంది. చట్టం చెప్పింది 7, ఇచ్చింది 14. ఈ తేడా గురించి ఆ రోజు మాట్లాడినవాళ్ళు ఎందరు? అప్పుడు ఇది చాదస్తంలా కనిపించి ఉంటుంది. ఇంత ఘోరం జరిగితే రోజులు లెక్కపెడతారా అని. రోజులు లెక్కపెట్టేవాడు ఎవడూ లేనప్పుడే ఖైదులోని మనిషి ఏమయ్యాడో అడిగేవాడు కూడా లేకుండా పోతాడు. మన చేతిలో ఉన్న ఖైదీ అమానతు. అతడు ఎంత చెడ్డవాడైనా సరే, అప్పగించిన చోటికి భద్రంగా చేర్చాల్సిన అమానతు.

సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన నియమించిన విచారణ సంఘం నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. ఎదురుకాల్పుల కథనం నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని ఆ సంఘం తేల్చింది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని చెప్పింది. పదిమంది పోలీసులపై హత్య విచారణ జరగాలని సిఫారసు చేసింది. సుప్రీంకోర్టు తదుపరి చర్యల కోసం విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఆ నలుగురూ నిర్దోషులని నేను అనడం లేదు. ఆ మాట అనే హక్కు నాకు ఎంత లేదో, దోషులని తేల్చే హక్కు పూలు చల్లినవాళ్ళకూ అంతే లేదు. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు ఒక న్యాయస్థానం సాక్ష్యాలన్నీ విని 'మీ బిడ్డను చంపింది వీళ్ళే' అని చెప్పే రోజు ఇక రాదు. ఆ హక్కును కూడా ఆ తెల్లవారుజామునే వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నారు.

"కోర్టుకు వెళ్తే ఎన్నేళ్ళు పడుతుంది మౌలానా?" అంటారు. ఇది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన నిర్భయ ఘటనలో దోషులకు ఉరి అమలయింది 2020 మార్చిలో. ఏడేళ్ళకు పైగా. ఆలస్యం బాధితుల మీద జుల్మే. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో ఈ రోగానికి మందు చెప్పారు. జైళ్ళు నిండిపోవడానికి కారణం వాళ్ళ వ్యవహారాలను ఎవరూ చూడకపోవడమేనని, అధికారులు ప్రతిరోజూ ఖైదీల సంగతి పరిశీలించాలని, శిక్షించవలసినవాణ్ణి శిక్షించి, ఏ నేరమూ రుజువు కానివాణ్ణి వదిలేయాలని ఆయన ఖలీఫాకు సూచించారు. ఒకరు ఇంకొకరి మీద ఆరోపణ చేసినంత మాత్రాన జైల్లో వేయడం తగదని, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి విచారించాలని అన్నారు. ఖైదీలకు నెలకు పది దిర్హముల చొప్పున ఇవ్వాలని, చలికాలానికి, ఎండాకాలానికి బట్టలివ్వాలని కూడా రాశారు. సంకెళ్ళతో వీధుల్లో అడుక్కునే ఖైదీలను చూసి ఆయన మనసు అంత కలత చెందింది. విచారణ త్వరగా ముగించమన్నారే గాని, విచారణే వద్దనలేదు.

"వాళ్ళే నేరం ఒప్పుకున్నారు కదా" అని మరికొందరు అంటారు. ఎక్కడ ఒప్పుకున్నారు? పోలీసుల దగ్గర. ఆకలితో మాడ్చినా, భయపెట్టినా, బంధించినా మనిషి తన మీద తానే లేనిది ఒప్పుకుంటాడని, అలాంటి ఒప్పుకోలును నమ్మలేమని హజ్రత్ ఉమర్ (రజి) అన్నట్లు అబూ యూసుఫ్ (రహ్మ) ఉల్లేఖించారు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది కోర్టులో రుజువుగా చెల్లదని మన దేశపు సాక్ష్య చట్టంలోనూ బ్రిటిష్ కాలం నుంచి ఉంది, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ ఉంది. అబూ దావూద్‌లోనే ఇంకో సంఘటన చూడండి. కొందరి సామాను పోయింది. వాళ్ళు నేతగాళ్ళను అనుమానించి హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన కొన్ని రోజులు ఉంచుకుని వదిలేశారు. సామాను పోయినవాళ్ళు వచ్చి, కొట్టకుండా, పరీక్షించకుండా ఎలా వదిలారని నిలదీశారు. మీరు కోరితే కొడతాను, సామాను దొరికితే సరే, దొరక్కపోతే వాళ్ళ వీపుల మీద పడినన్ని దెబ్బలు మీ వీపుల మీదా పడతాయి అన్నారాయన. ఇది మీ తీర్పా అని అడిగితే, అల్లాహ్, ఆయన ప్రవక్త (స) తీర్పు అన్నారు. మన ఊళ్ళో చోరీ జరిగినప్పుడు ఎవరినో చూపించి 'వాణ్ణి నాలుగు తన్నండి, అదే బయటపడుతుంది' అనేవాళ్ళు ఈ హదీసు గుర్తుంచుకోవాలి.

సోదరులారా! ఇప్పుడు మన గురించి మాట్లాడుకుందాం. 2007 మే 18న జుమా నమాజు వేళ హైదరాబాద్ మక్కా మస్జిదులో పేలుడు జరిగింది. తర్వాత మన యువకులు ఎందరినో పట్టుకుపోయారు. ఎక్కడ ఉంచారో రోజుల తరబడి ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. చిత్రహింసలు పెట్టారని వాళ్ళు చెప్పుకున్నారు. కొన్నేళ్ళకు ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ రోజుల్లో మన నోట 22వ అధికరణ ఉండేది. 24 గంటలు అన్న మాట బడి పిల్లలకు కూడా తెలుసు. కానీ 2019లో ఆ అధికరణను మనం మరిచిపోయాం. ఎందుకు? ఆ నలుగురిలో ఒకడు ముస్లిం. కొందరు ఆ ఒక్క పేరునే పట్టుకుని నేరమంతా మన సముదాయానికి అంటగట్టాలని చూశారు. మనకు భయం వేసింది. వాడితో మాకు సంబంధం లేదని చూపించుకోవడానికి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాం. ఆ భయం నాకు అర్థమవుతుంది, నా "అల్లాహు ఆలమ్"లో ఉన్నదీ అదే. కానీ అల్ మాయిదా సూరా 8వ ఆయతులో అల్లాహ్ మనకు ఇచ్చిన ఆజ్ఞ, ఒక వర్గం మీది ద్వేషం కూడా మనల్ని న్యాయం నుంచి తప్పించరాదని. అన్ నిసా సూరా 135వ ఆయతులో, న్యాయం మన మీదికే వచ్చినా, మన తల్లిదండ్రుల మీదికి వచ్చినా దానికే సాక్షులుగా నిలవమని. ఈ రెంటి మధ్య మన భయానికి ఎక్కడ చోటుంది?

ఖైబర్ సంఘటన బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. అబ్దుల్లాహ్ బిన్ సహల్ (రజి) ఖైబర్‌కు వెళ్ళి హత్యకు గురయ్యారు. అక్కడ ఉండేది యూదులు. చంపింది వాళ్ళేనని బంధువులకు గట్టి నమ్మకం. హతుని సోదరుడు, పినతండ్రి కొడుకులు వచ్చి ఫిర్యాదు చేశారు. దైవప్రవక్త (స) ఖైబర్ వాళ్ళకు ఉత్తరం రాస్తే, మేము చంపలేదని జవాబు వచ్చింది. ప్రమాణాలు చేస్తారా అని బంధువుల్ని అడిగితే, చూడనిదానికి ఎలా చేస్తామన్నారు. అయితే యూదులు యాభై ప్రమాణాలు చేస్తారంటే, వాళ్ళ ప్రమాణాలు ఎలా నమ్మేదన్నారు. అప్పటికి బలం ముస్లింల చేతిలో ఉంది. ఎదుట ఉన్నవాళ్ళు నిన్న మొన్నటి శత్రువులు. ఒక్కణ్ణి కూడా చంపలేదు. సహచరుని రక్తం వృథా కాకూడదని ఆయన (స) తన వైపు నుంచే నూరు ఒంటెలు పరిహారంగా ఇచ్చారు. ఆ ఒంటెల్లో ఒక ఎర్రది తనను తన్నిందని ఉల్లేఖకులు సహల్ బిన్ అబీ హస్మా (రజి) గుర్తుచేసుకున్నారు కూడా.

ఇక ఆ కుర్రవాడు అడిగిన ఖిసాస్. హజ్రత్ ఉమర్ (రజి)ని అబూ లూలూ పొడిచాక, హంతకుడితో హుర్ముజాన్, జుఫైనా గుసగుసలాడగా చూశానని ఒకరు చెప్పారు. ఆ మాట విని హజ్రత్ ఉమర్ కుమారుడు ఉబైదుల్లాహ్ ఆవేశంలో ఆ ఇద్దరినీ, హంతకుడి కూతుర్నీ చంపేశారు. ఎవరి కొడుకు, ఏ దుఃఖంలో ఉన్నాడో మదీనా అంతటికీ తెలుసు. అయినా పూలు చల్లలేదు. హజ్రత్ సాద్ (రజి) ఆయన్ను పట్టుకుని తన ఇంట్లో నిర్బంధించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖలీఫా అయిన వెంటనే ముందుకొచ్చిన వ్యవహారం ఇదే. ఖిసాస్ జరగాలని హజ్రత్ అలీ (రజి) అన్నారు. నిన్న తండ్రి, ఇవాళ కొడుకా అని కొందరు కుమిలిపోయారు. చివరికి హతులకు వారసుడి స్థానంలో ఉన్న ఖలీఫా హోదాలో హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొంత సొమ్ముతో దియత్ చెల్లించారు. సహాబాల అభిప్రాయభేదాల్లో తీర్పరులుగా కూర్చునేంతవాళ్ళం మనం కాము. కానీ అనుమానం మీద జరిగిన హత్యను ఖిసాస్ అని వాళ్ళలో ఎవరూ అనలేదు. దాన్ని నేరంగానే విచారించారు. ఖిసాస్‌కు రుజువు కావాలి, తీర్పు కావాలి, హతుని వారసుల కోరిక కావాలి. వాళ్ళకు క్షమించే హక్కు కూడా ఉండాలి. చటాన్‌పల్లిలో ఈ నాలుగింటిలో ఏదీ లేదు.

ఇళ్ళల్లో పాటించవలసిన సంగతులు కొన్ని చెప్పి ముగిస్తాను. వీధిలో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్తే, వాడే చేశాడని మీరు తీర్పు చెప్పకండి, ఫోన్లలో పంచకండి. ఉర్దూలో ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు. ఆరోపణ ఉన్నవాడు ఒకడు, నేరం రుజువైనవాడు మరొకడు. తెలుగులో నిందితుడు, దోషి అనే మాటలున్నా రెంటినీ కలిపేసి వాడుతున్నాం. మీ ఇంటివాడే హత్య చేశాడని మీకు తెలిస్తే దాచకండి. దుర్మార్గుడైన సోదరుణ్ణి ఆపడమే అతనికి సాయమని ప్రవక్త (స) నేర్పారు. అల్ బఖరా సూరా 283వ ఆయతు సాక్ష్యాన్ని దాచేవాడి హృదయం పాపభూయిష్టమని హెచ్చరిస్తుంది. పోలీసులు చట్టప్రకారం పిలిస్తే వెళ్ళండి. రాత్రివేళ తలుపు తడితే ఇంట్లో ఎక్కువగా ఉండేది స్త్రీలు, వృద్ధులు. కాబట్టి ఈ విషయాలు వాళ్ళకే ముందు తెలియాలి: ఎందుకు తీసుకెళ్తున్నారు, ఏ స్టేషనుకు అని అడగాలి. అరెస్టు పత్రం మీద ఇంటివాళ్ళో, వీధిలోని పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలని 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీసుకెళ్ళిన టైము రాసిపెట్టుకోండి, 24 గంటలు అక్కడి నుంచే లెక్క. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఫోను నంబరు 15100. ఏ మతంవాడైనా సరే, పొరుగువాడి కోసం కూడా ఈ ఫోను చేయవచ్చు.

ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక ఆ కుర్రవాడి నంబరు సంపాదించాను. ఇప్పుడతను వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఇద్దరు పిల్లలు. "బేటా, వజూఖానా దగ్గర నువ్వు అడిగింది ఖిసాస్ కాదు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజే చెప్పాల్సింది కదా హజ్రత్, నేను కూడా మిఠాయి పంచాను" అన్నాడు.